కామ, పిడి, కర్రు: ఉత్తర తెలంగాణలో పనిముట్టు మరమ్మతు చరిత్ర

వ్యాససంగ్రహం:
కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఇనుప, ఉక్కు పరిశ్రమపై గణనీయమైన పరిశోధన జరిగింది. ఆ ఇనుమును చేతికి అందించిన కలప కామ గురించి, దానిని ఇంటివద్దే మార్చుకొనే నైపుణ్యం గురించి చర్చ దాదాపు లేదు. కామ ఎంపిక, అమరిక, కత్తి పిడి అతుకు, అడవి చట్టాలు, వెల్డింగు రాక అనే అంశాల ఆధారంగా ఈ నైపుణ్యం ఎవరి చేతిలో ఉండేది, ఎందుకు జారిపోయింది అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కామ, పిడి, కోనసముద్రం ఉక్కు, తిరుమాను, తడ, గోల్ఫ్ కర్ర, నిస్తార్ హక్కు.

ఉపోద్ఘాతం:
పురావస్తు తవ్వకాలలో గొడ్డలి తల దొరుకుతుంది, దాని కామ సాధారణంగా దొరకదు. ఇనుము తుప్పుపట్టి అయినా మిగులుతుంది, కలప మట్టిలో కలిసిపోతుంది. ఈ భౌతిక వాస్తవం చరిత్ర రచననూ ప్రభావితం చేసింది. ఉత్తర తెలంగాణ ఇనుము చరిత్ర అనగానే చిట్టెం గుట్టలు, కొలిమి గొట్టాలు, మూసల పెంకులు కళ్ళముందు నిలుస్తాయి. ఆ ఇనుము పనిముట్టుగా మారడానికి అవసరమైన రెండవ సగం కలప. దానిని అమర్చినవాడు చాలా సందర్భాలలో వృత్తి పనివాడు కాదు, పనిముట్టును వాడే రైతే.

తెలుగు భాష ఈ రెండవ సగాన్ని విస్మరించలేదు. గొడ్డలి, పార వంటి వాటి కన్నంలో దూర్చే కర్ర కామ. కొడవలి, కత్తి వంటి వాటి వెనుక ముల్లును తనలో ఇముడ్చుకొనేది పిడి. మొదటి అమరికలో కలప ఇనుములోకి పోతుంది, రెండవ దానిలో ఇనుము కలపలోకి పోతుంది. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువులోనే 'కామ' ఆరోపంగా చోటుచేసుకొంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. నాగలిలో ఈ సంబంధం తలకిందులవుతుంది. అక్కడ కలపే శరీరం, అరిగిపోయి మారవలసింది ఇనుప కర్రు. కర్రు కోసం కమ్మరి వద్దకు వెళ్ళక తప్పదు. కామ కోసం వెళ్ళనక్కరలేదు. గ్రామ వృత్తుల పరస్పరాశ్రయాన్ని చర్చించేటప్పుడు ఈ తేడాను గమనించాలని నా అభిప్రాయం. కమ్మరికీ వడ్లవారికీ పంట కల్లంలో ఇచ్చే మేర ధాన్యం కొన్ని పనులకు చెల్లింపు. ఆ లెక్కలోకి రాని పనులు ఇంటి ఆవరణలోనే జరిగేవి.

ఇనుము వైపు నుంచి:
గోదావరికి ఇరువైపులా విస్తరించిన ఈ ప్రాంతపు ఉక్కుకు అంతర్జాతీయ ఖ్యాతి ఉండేది. నేటి నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రంలో మూసలలో ఉక్కు తయారుకావడాన్ని త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వెస్లీ వాయ్సీ స్వయంగా చూసి నమోదు చేశాడు. అతడు 1824లో మరణించగా, ఆ వివరణ 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఉక్కుకు వాడిన ఇనుము పాత కరీంనగర్ జిల్లాలోని మెట్‌పల్లి నుంచి, పాత ఆదిలాబాద్ జిల్లాలోని దిమ్మదుర్తి నుంచి వచ్చేది. ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు వచ్చి అక్కడ మకాం వేశాడంటే ఆ సరుకు విలువ తెలుస్తుంది. ఎస్. జైకిషన్ పరిశోధనలు, ఆయన శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్‌లతో కలిసి 2010లో ఉత్తర తెలంగాణలో జరిపిన క్షేత్ర సర్వే ఈ పరిశ్రమ విస్తృతిని వెలుగులోకి తెచ్చాయి. రాతి నుంచి ఇనుము తీసిన ముద్దకమ్మరులు, వారి ఆరాధ్య దేవత మమ్మాయి గురించి మనకు తెలిసినది ప్రధానంగా ఇటువంటి కృషి వల్లనే.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ఇటువంటి ఉక్కుతో చేసిన కత్తి అలుగు తరాల తరబడి నిలిచేది, పిడి అలా నిలిచేది కాదు. భారతీయ తల్వారుల పిడిని అలుగు ముల్లుకు మేకులతో కాక, లక్క, గుగ్గిలం వంటి పదార్థాలను కరిగించి పోసి బిగించేవారు. పిడిని వేడిచేస్తే ఆ జిగురు మెత్తబడి అలుగు ఊడివస్తుంది. కొత్త పిడిలో మళ్ళీ పోసి బిగించవచ్చు. అందువల్లనే ప్రదర్శనశాలలలో ఒక కాలపు అలుగుకు మరొక కాలపు పిడి కనిపించడం ఆయుధ చరిత్రకారులకు వింత కాదు. అతుకు గట్టిగానూ ఉండాలి, అవసరమైనప్పుడు ఊడనూ వలెను. ఈ రెండు పరస్పర విరుద్ధమైన అవసరాలను ఒక చవక పదార్థం తీర్చింది.

ఈ సూత్రానికి దూరపు బంధువు ఒకటి గోల్ఫ్ క్రీడలో ఉంది. 19వ శతాబ్దిలో గోల్ఫ్ కర్ర కాడకు అమెరికా హికరీ కలప ప్రామాణికమైంది. కాడ విరిగితే తలను ఉంచుకొని కొత్త కాడ వేయడం ఆ వృత్తిదారుల నిత్యకృత్యం. ఉక్కు కాడలను అమెరికా క్రీడాసంఘం 1924లోనూ, స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ సంస్థ 1929లోనూ అనుమతించాయి. 1970ల నుంచి గ్రాఫైట్ కాడలు వచ్చాయి. నేడు ఎందరో ఔత్సాహికులు ఈ పనిని ఇంట్లోనే నేర్చుకొంటున్నారు. తల మెడను వేడిచేసి పాత ఎపాక్సీ జిగురును మెత్తబరచి, కాడను తిప్పుతూ లాగి, మెడ లోపలి మడ్డిని గీకి, కొత్త కాడ కొనను గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, సుమారు ఒక రోజు కదల్చకుండా ఉంచుతారు. లక్క స్థానంలో ఎపాక్సీ వచ్చింది, ప్రక్రియ తీరు మాత్రం తల్వారుదే.

కలప వైపు నుంచి:
మన అడవుల తడ చెట్టుకు చరచి అని మరో పేరు. ఉత్తర భారతంలో దానిని ధామన్ అంటారు. వంగి తిరిగి నిలిచే గుణం వల్ల దాని కలప విండ్లకు, బండి నొగలకు, పనిముట్ల కామలకు వాడుకలో ఉండేది. ఆంగ్ల పాలనాకాలపు కలప గ్రంథాలు దానిని గోల్ఫ్ కాడలకు, బిలియర్డ్స్ కర్రలకు కూడా పనికివచ్చేదిగా పేర్కొన్నాయి. అంటే దెబ్బను తట్టుకొని చేతిని కాపాడే కలప కోసం వెతికిన క్రీడాకారుడు, గొడ్డలి పట్టిన రైతు ఒకే చెట్టు వద్దకు చేరుకొన్నారు. తిరుమాను కలప గొడ్డలి కామలకు, బండి ఇరుసులకు మేలైనదిగా పేరుపొందింది. పొలం గట్టున దొరికే తుమ్మ సామాన్యుడి ఆధారం.

కామ వేయడం చూడడానికి చిన్న పని. అయినా దానిలో తెలిసి ఉండవలసినవి చాలా ఉన్నాయి. కర్ర తిన్నగా పెరిగినదై, దాని పేడు కొన నుంచి మొదలు దాకా తెగకుండా సాగాలి. పేడు అడ్డంగా తెగిన చోటే కామ విరుగుతుంది. పచ్చికర్రను వెంటనే దూరిస్తే అది ఎండి సన్నబడి, తల వదులై, ఎత్తిన గొడ్డలి నుంచి ఊడి ఎగురుతుంది. అది ప్రాణాపాయం. అందుచేత కర్రను నీడలో మెల్లగా ఆరబెట్టాలి. పార వంటి వాటికి కర్ర లావు కొనను పైన మిగిల్చి సన్న కొనను కన్నంలోంచి కిందికి లాగితే, పని సాగేకొద్దీ తల ఇంకా బిగుసుకొంటుంది. వేరొక అమరికలో కామ కొనను చీల్చి చెక్క చీల దిగగొడతారు. తల బిగించడానికి తలమీద కొట్టరు. కామను నిలువుగా పట్టి దాని అడుగును నేలకో రాతికో మోదుతారు. బరువైన తల తన జడత్వం వల్ల తానే కర్రమీదికి దిగి కూర్చుంటుంది. వదులైన గొడ్డలిని నీటిలో నానబెట్టడం తాత్కాలిక ఉపాయమే. కలప ఉబ్బి బిగుస్తుంది, ఆరిన తరువాత మునుపటికన్నా వదులవుతుంది. ఇదంతా ఏ గ్రంథంలోనూ చదువుకొన్నది కాదు, చూసి నేర్చినది. పొడవు సైతం కొలబద్దతో కాక వాడేవాని చేతితోనే నిర్ణయమయ్యేది. మార్కెట్ కామ అందరికీ ఒకే కొలత.

అడవి, చట్టం:
గొడ్డలికి కామ ఇచ్చి తమను తామే నరికించుకొన్న చెట్ల కథ ఈసపు పేరున ప్రచారంలో ఉంది. ఆదిలాబాద్ చరిత్రలో ఆ కథ మరోలా నడిచింది. అడవి రక్షిత ప్రాంతంగా మారాక, గొడ్డలికి కామ కావాలన్నా అనుమతి అడగవలసి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించిన తరువాత, నిజాం ప్రభుత్వ ప్రోత్సాహంతో ఆదిలాబాద్ గోండుల మధ్య అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన నివేదికలలోనూ, 1982 నాటి తన గ్రంథంలోనూ అటవీ ఆంక్షలు గిరిజనుల జీవనాన్ని ఎలా కుదించాయో వివరించాడు. ఇల్లు కట్టుకొనే వాసమూ, నాగలికి కావలసిన దుంగా వారికి అధికారుల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన వస్తువులయ్యాయి. జల్, జంగల్, జమీన్ అన్న నినాదంలోని 'జంగల్'ను భూమి ప్రశ్నగా మాత్రమే చదివితే ఈ చిన్న కలప కనిపించదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కును గుర్తించింది. వెదురు, తేనె, లక్క, తునికాకు దానిలో ఉన్నాయి. నిర్వచనం ప్రకారం కలప దానికి వెలుపలిది. అంటే పిడిని అతికించే లక్కపై హక్కుంది, పిడికి కావలసిన కర్ర విషయంలో ఆ నిర్వచనం సహాయపడదు. అదే చట్టం 3వ విభాగం నిస్తార్ వంటి సాముదాయిక హక్కులను కూడా గుర్తించింది. మధ్య పరగణాలలో నిస్తార్ అంటే గృహావసరాలకు, వ్యవసాయ పనిముట్లకు కలప తీసుకొనే ఆచారం. ఆదిలాబాద్ గ్రామసభలు కామ కర్రను ఈ పదం కింద కోరడానికి అవకాశం ఉందని నేను భావిస్తున్నాను. ఇది న్యాయశాస్త్రవేత్తలు పట్టించుకోవలసిన ప్రశ్న.

గొట్టం కామ:
ఇప్పుడు గొడ్డలికీ పారకూ ఇనుప గొట్టం కామలు వచ్చాయి. విరగవు, చెదపట్టవు, అడవిని అడగవు. ఈ మూడూ నిజమైన ప్రయోజనాలే, వాటిని తక్కువ చేయరాదు. అయితే గొట్టం దెబ్బ అదటును మింగదు, దానిని చేతికే అప్పగిస్తుంది. అంతకంటె ముఖ్యమైన మార్పు అతుకులో వచ్చింది. చీల, లక్క ఊడదీయడానికి అనువైనవి. వెల్డింగు అలా కాదు. తల అరిగితే గొట్టం, గొట్టం వంగితే తల వృథా అవుతాయి, లేదా రెండింటినీ మోసుకొని మండల కేంద్రంలోని వెల్డింగు దుకాణానికి పోవాలి. గోల్ఫ్ ఆటలో హికరీ పోయి ఉక్కు వచ్చినప్పుడు కూడా తల, కాడ వేర్వేరుగానే మిగిలాయి, అందుకే అక్కడ ఇంటి మరమ్మతు బతికింది. మన పారకు పదార్థంతోపాటు అతుకు కూడా మారింది. కర్రు కోసం మాత్రమే ఇల్లు దాటిన రైతు ఇప్పుడు కామ కోసమూ దాటుతున్నాడు, అక్కడ మేర ధాన్యం చెల్లదు, రొక్కం చెల్లించాలి.