అటక మీద మొదలైన భయం

పాత బంగళా అటక. ఒక పక్క బీరువా, ఇంకో పక్క పాత పెట్టె, గోడకు కిటికీ. ఆట మన చేతికొచ్చి ఎంతోసేపు కాదు, ఆ కిటికీ బద్దలు కొట్టుకుని కోరల జంతువొకటి లోపలికి దూకుతుంది. చేతిలో ఏమీ లేదు. ఒకసారి చచ్చి బుద్ధి తెచ్చుకున్నవాళ్లు మాత్రం మరుసటిసారి అడుగు పెట్టగానే బీరువాను కిటికీకి అడ్డంగా నెట్టేస్తారు. ఆ వెంటనే పెట్టెను నేలలో ఉన్న తలుపు మీదికి తోస్తారు. రెండోది కిందినుంచి ఎక్కి వస్తుంది మరి.

1992లో ఫ్రాన్స్‌కు చెందిన ఇన్‌ఫోగ్రామ్స్ కంపెనీ డాస్ కంప్యూటర్ల కోసం విడుదల చేసిన ‘అలోన్ ఇన్ ది డార్క్’ ఇలా మొదలవుతుంది. అందులోని మనుషులు ఇవాళ్టి కంటికి అట్టముక్కలు మడిచి అతికించిన బొమ్మల్లా కనిపిస్తారు. చూసి నవ్వుకోవచ్చు. కానీ ఆడుతున్న కాసేపటికి ఆ నవ్వు ఆగిపోతుంది. అది ఎందుకు ఆగుతుందన్నదే ఈ ఆట చరిత్రలో అసలు సంగతి.

ఇటుకలాట నుంచి దయ్యాల కొంపకు

ఈ ఆట సృష్టికర్త ఫ్రెడెరిక్ రేనాల్. 1966లో ఫ్రాన్స్‌లోని బ్రీవ్ పట్టణంలో పుట్టారు. బంతితో ఇటుకలు పగలగొట్టే ‘పాప్‌కార్న్’ ఆటను 1988లో తయారుచేశారు. తర్వాత లియాన్ నగరం కేంద్రంగా ఉన్న ఇన్‌ఫోగ్రామ్స్‌లో చేరారు. అక్కడ ‘ఆల్ఫా వేవ్స్’ అనే త్రీడీ ఆటను అటారీ నుంచి పీసీకి మార్చే పని ఆయన చేతికొచ్చింది. ఆ ఆటలో ఉన్నవి గదులు, ఎగిరే ఆకారాలు, అంతే. ఇదే పద్ధతిలో మనుషుల్ని నడిపించలేమా అన్న ఆలోచన రేనాల్‌కు అక్కడే పుట్టింది. ఆయనకు భయపెట్టే సినిమాల మీద ఉన్న మోజు, అందులోనూ జార్జ్ రొమెరో తీసిన జాంబీ సినిమాలంటే ఉన్న ఇష్టం దానికి తోడైంది. కంపెనీ అధిపతి బ్రూనో బొనెల్ మనసులో అప్పటికే వేరే ఊహ ఒకటి ఉంది. చిమ్మచీకట్లో చిక్కుకున్న మనిషి చేతిలో కొన్ని అగ్గిపుల్లలు తప్ప ఏమీ ఉండవు. ఈ రెండు ఆలోచనలూ కలిసి ఆటగా మారాయి.

కాళ్లు మనవి, కళ్లు కావు

అప్పటి పీసీలలో త్రీడీ కార్డులు లేవు. తెర మీద అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, 256 రంగులు. ఆ యంత్రం కదిలే మనిషినీ, అతను తిరిగే గదినీ రెంటినీ అప్పటికప్పుడు లెక్కగట్టి గీయలేదు. అందుకే మనుషుల్నీ, పిశాచాల్నీ మాత్రమే బహుభుజులతో కట్టి, గదుల్ని బొమ్మలుగా వెనక పెట్టారు. మొదట నిజమైన భవనం ఫొటోలు స్కాన్ చేసి వాడదామనుకున్నారు. అప్పటి సాధనాలతో అది కుదరలేదు. చివరికి యాయెల్ బరోజ్ అనే చిత్రకారిణి గదుల్ని గీశారు. తర్వాతి కాలంలో రేనాల్, ఆమె దంపతులయ్యారు.

బొమ్మ కదలదు కాబట్టి కెమెరా కూడా కదలకూడదు. గదికి కొన్ని కోణాలు ముందే ఖాయం చేశారు. మనం ఒక గీత దాటగానే దృశ్యం టక్కున మారిపోతుంది. ఒకసారి దూలం మీదినుంచి, ఇంకోసారి నేల మీదినుంచి, మరోసారి గది చివరి మూలనుంచి చూస్తాం. నడిపేది మనమే, ఎక్కడినుంచి చూడాలో తేల్చేది మాత్రం ఇంకెవరో. మలుపు అవతల ఏదో కాళ్లీడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది, అదేమిటో కనిపించదు. మన మనిషి దాని ఎదుట నిలబడే ఉంటాడు, అయినా మనకు అతని వీపే కనిపిస్తుంది.

ఇది ఇబ్బందేనని తయారుచేసినవాళ్లకు తెలుసు, ఆ ఇబ్బందినే వాడుకోవడమూ తెలుసు. ఆరంభ దృశ్యమే అందుకు సాక్ష్యం. కథానాయకుడు కారు దిగి బంగళావైపు నడుస్తుంటాడు. ఉన్నట్టుండి కెమెరా పై అంతస్తు కిటికీలోకి వెళ్లి అక్కడినుంచి అతన్ని కిందికి చూస్తుంది. ఫ్రేములో రెండు చేతులు కనిపిస్తాయి. అవి మనిషి చేతులు కావు.

కొట్లాట కన్నా తెలివి

కథ జరిగేది 1920ల అమెరికాలో, లూసియానా రాష్ట్రంలో. డెర్సెటో అనే బంగళాలో జెరెమీ హార్ట్‌వుడ్ ఉరేసుకుంటాడు. ఆ తర్వాత ఆ బంగళాకు డిటెక్టివ్ ఎడ్వర్డ్ కార్న్‌బీగా వెళ్లవచ్చు, లేదా జెరెమీ మేనకోడలు ఎమిలీగా వెళ్లవచ్చు. కథకు మూలం అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ ఊహాలోకం. చదివితేనే ప్రాణం తీసే పుస్తకాలు ఈ బంగళా గ్రంథాలయంలో అందుకే ఉన్నాయి.

ఎదురైన ప్రతిదాన్నీ కొట్టాలనుకునేవాళ్లకు ఇక్కడ బతుకు లేదు. భోజనాల గదిలోకి జాంబీలు వస్తే, వంటగదినుంచి తెచ్చిన కూర గిన్నె బల్ల మీద పెట్టాలి. అవి బుద్ధిగా కూర్చుంటాయి. మెట్ల దగ్గర కాపలా ఉన్న రెక్కల పిశాచాలకు అద్దాలు చూపిస్తే చాలు. నాట్యశాలలో జంటలుగా ఉన్న దయ్యాలకు గ్రామఫోను మీద సరైన రికార్డు పెట్టాలి. ఇదంతా ఎందుకు, పారిపోదామని వీధి తలుపు తీస్తే బయట కాచుకుని ఉన్నది మనల్ని గుటుక్కున మింగేస్తుంది. ఓడిపోతే ఆట చటుక్కున ఆగిపోదు. మన శవాన్ని కాళ్లు పట్టి ఈడ్చుకెళ్లి బలిపీఠం మీద పెట్టేదాకా చూపిస్తుంది.

జపాన్‌కు పాకిన పద్ధతి

దయ్యాల కొంప ఆటలు అంతకుముందు లేకపోలేదు. కియోషి కురొసావా సినిమా ఆధారంగా క్యాప్‌కామ్ కంపెనీ 1989లోనే ‘స్వీట్ హోమ్’ ఆటను జపాన్‌లో విడుదల చేసింది. కొన్నేళ్లకు దాన్ని ప్లేస్టేషన్ కోసం కొత్తగా తీర్చిదిద్దే పని షింజి మికామికి అప్పగించింది. మికామి మొదట అనుకున్నది పాత్ర కళ్లలోంచే లోకాన్ని చూపించాలని. ఆ దారి మార్చి కదలని కెమెరాకు, ముందే గీసిన గదులకు వచ్చారు. 1996లో వచ్చిన ఆ ఆటే ‘రెసిడెంట్ ఈవిల్’. కథానాయకుడో, నాయికో ఎంచుకోవడం, బంగళా, పజిళ్లు, కిటికీ పగలగొట్టుకుని దూకే జంతువు, అన్నీ డెర్సెటోను గుర్తుచేసేవే. అలోన్ ఇన్ ది డార్క్ ప్రభావం తన మీద ఉందని 2014లో ఒక ఫ్రెంచి పత్రికతో మికామి ఒప్పుకున్నారు. ఈ తరహా ఆటలకు ‘సర్వైవల్ హారర్’ అన్న పేరు స్థిరపడింది రెసిడెంట్ ఈవిల్‌తోనే.

పుట్టింట్లో మాత్రం ఆ దారి నిలవలేదు. ఆట విడుదలయ్యాక రేనాల్, ఆయన సహచరులు కొందరు కంపెనీ వదిలి అడెలీన్ అనే స్టూడియో పెట్టుకున్నారు. 1994లో ‘లిటిల్ బిగ్ అడ్వెంచర్’ తెచ్చారు. వాళ్లు లేకుండానే ఇన్‌ఫోగ్రామ్స్ రెండో భాగం తీసి, తుపాకులు పట్టిన గూండాలతో నింపేసింది. తెలివికి బదులు తూటాలు వచ్చాయి, భయం పలచబడింది. 2006లో ఫ్రాన్స్ ప్రభుత్వం రేనాల్‌ను కళలు, సాహిత్య రంగాల పురస్కారంతో గౌరవించింది. అదే రోజు ఆ పురస్కారం అందుకున్న మరో ఇద్దరు ఆటల రూపకర్తలు మిషెల్ ఆన్సెల్, మారియోను సృష్టించిన షిగెరు మియమోటో.

2024లో పాత కథను కొత్త హంగులతో మళ్లీ తీశారు. డేవిడ్ హార్బర్, జోడీ కోమర్ వంటి నటుల ముఖాలు, గొంతులు వాడారు. కెమెరాను పాత్ర భుజం వెనక్కి చేర్చారు. ఎటు చూడాలో ఇప్పుడు ఆటగాడి ఇష్టం. కొన్ని నెలలకే ఆ ఆటను తీసిన స్టూడియో మూతపడింది. మరోవైపు, చిలీ దేశంలోని డ్యూయల్ ఎఫెక్ట్ స్టూడియో 2021లో ‘టార్మెంటెడ్ సోల్స్’ ఆటను పాత పద్ధతిలో కదలని కోణాలతో తెచ్చింది. ఇవాళ్టి యంత్రాలకు గదిని ఎటునుంచైనా గీసే శక్తి ఉంది. అయినా కెమెరాను గోడకు కట్టేశారంటే, రేనాల్‌కు గత్యంతరం లేక పట్టుకున్న పద్ధతి ముప్పై ఏళ్లకు కోరి ఎంచుకునే కళ అయిందన్నమాట.