నాన్న నేర్పని పాటలు

ఏటా నవంబరు చివర్లో నేనొక ఆల్బమ్ పెట్టుకుని కూర్చుంటాను. పేరు ‘ఫరెవర్లీ’. 2013 నవంబరు 25న విడుదలైంది. గ్రీన్ డే బృందంలో పంక్ పాటలతో గొంతు చించుకునే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, జాజ్ దారిలో వచ్చి లాలిపాటలా పాడే నోరా జోన్స్ కలిసి పాడిన పన్నెండు పాత పాటలు.

పాత అంటే మరీ పాత. వాటిలో ఒకటైన ‘బార్బరా అలెన్’ని 1666 జనవరిలోనే లండన్‌లో శామ్యూల్ పీప్స్ ఒక నటి నోట విని, డైరీకెక్కించాడు. తర్వాత ఆ పాట ఓడెక్కింది, అట్లాంటిక్ దాటింది, అపలాచియన్ కొండల్లో కాపురం పెట్టింది. 1916లో సెసిల్ షార్ప్ అక్కడికెళ్లి ఇలాంటి పాటల్ని పల్లెజనం పాడుతుంటే రాసుకున్నాడు. రెండున్నర శతాబ్దాల్ని ఇలా గెంతేసినందుకు చరిత్రకారులు మన్నించాలి. నాకు 1958 చేరే తొందర, ఈ పన్నెండూ ఒక ఆల్బమ్‌లో చేరింది అప్పుడే.

ఐక్ ఎవర్లీ కెంటకీ బొగ్గుగని కార్మికుడు, గిటారులో దిట్ట. 1940లలో అయోవా రాష్ట్రంలోని షెనాండోలో అతని కుటుంబమంతా రేడియోలో పాడేది. పిల్లలు డాన్, ఫిల్ పెద్దయి 1957లో ‘బై బై లవ్’తో కుర్రకారుని ఊపేశారు. మర్నాడే మరో గెంతుపాట ఇస్తారనుకున్న లోకానికి, 1958లో రెండు గిటార్లూ ఒక బేసూ పెట్టుకుని ‘సాంగ్స్ అవర్ డాడీ టాట్ అస్’ ఇచ్చారు. నాన్న నేర్పిన పాటలన్నమాట. జైళ్లు, చావులు, ముసలి తల్లిదండ్రులు! మన సినిమా యుగళగీతాల్లో ఆమె ఒక చరణం, అతనొక చరణం పంచుకుంటారు. ఈ అన్నదమ్ములకు వంతులు లేవు. డాన్ కింది స్వరం, ఫిల్ పై స్వరం, దాదాపు ప్రతి మాటా ఒకే ఊపిరి.

ఆ ఆల్బమ్‌నే మొత్తంగా మళ్లీ పాడాలన్నది ఆర్మ్‌స్ట్రాంగ్ సరదా. నోరా పేరు చెప్పింది అతని భార్య. 2004 సునామీ బాధితుల కోసం 2005 గ్రామీ వేదికపై పాడిన బృందంలో ఇద్దరూ ఉన్నారు, పరిచయం అంతవరకే. న్యూయార్క్‌లో తొమ్మిది రోజుల్లో రికార్డింగ్ పూర్తయింది.

నన్ను పట్టుకు వదలనిది ‘డౌన్ ఇన్ ది విల్లో గార్డెన్’. ఒకడు ప్రియురాలికి మద్యంలో విషమిచ్చి, పొడిచి, ఏట్లో పడేస్తాడు. డబ్బుతో బయటపడొచ్చని పురెక్కించింది కన్నతండ్రే. ఇప్పుడా తండ్రి గుమ్మంలో కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటాడు. కొడుక్కి ఉరి. నాన్న నేర్పిన పాటల్లో నాన్న నేర్పిన పాఠమిది! అన్నదమ్ములు పాడితే అది హంతకుడి కథ. నోరా గొంతు ఆ హంతకుడి ‘నేను’లో కలిసేసరికి, ఏట్లో పడ్డ పిల్ల కూడా పాడుతున్నట్టే ఉంటుంది.

నిజానికి వీళ్లిద్దరికీ ఈ పాటలు ఏ నాన్నా నేర్పలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ తండ్రి, కొడుక్కి పదేళ్లప్పుడే పోయాడు. నోరా తండ్రి పండిట్ రవిశంకరే, కానీ ఆమె పెరిగింది టెక్సాస్‌లో, తల్లి దగ్గర. ఇద్దరికీ గురువు ఆ 1958 రికార్డే.

‘ఫరెవర్లీ’ వచ్చిన ఆరు వారాల్లోపే, 2014 జనవరి 3న ఫిల్ పోయాడు. 2021లో డాన్. ఇప్పుడీ పాటలన్నీ ఫోన్‌లోనే. పాట అయ్యీ అవ్వకముందే యాప్ తన ఇష్టమొచ్చినదేదో అందుకుంటుంది. నేను వెనక్కి జరిపి, నోరా ఎక్కడ ఊపిరి తీసుకుందో వెతుక్కుంటాను.