యోజా (సెల్‌ఫోన్ కథలు)

యోజా దక్షిణాఫ్రికాలో 2010 ఆగస్టులో ప్రారంభమైన సెల్‌ఫోన్ కథల గ్రంథాలయము. కౌమార వయస్కులలో చదివే అలవాటును, దానితోపాటు వ్రాసే అలవాటును పెంచడం దీని ఉద్దేశ్యము. 2009లో షటిల్‌వర్త్ ఫౌండేషన్ చేపట్టిన "ఎం4లిట్" అనే ప్రయోగం నుండి ఇది పుట్టినది. ఈ ఫౌండేషన్ స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్, ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా కంప్యూటరు వాడుకరులకు సుపరిచితుడు. ఎం4లిట్‌కు, యోజాకు సారథ్యం వహించినది స్టీవ్ వోస్లూ.

నేపథ్యము

దక్షిణాఫ్రికాలో 2006లో జరిగిన ఒక జాతీయ సర్వే ప్రకారం 51 శాతం కుటుంబాల ఇండ్లలో కాలక్షేపానికి చదువుకొనే పుస్తకం ఒక్కటి కూడా లేదు. ప్రభుత్వ పాఠశాలలలో సక్రమంగా పనిచేసే గ్రంథాలయం ఉన్నవి సుమారు 7 శాతం మాత్రమేనని ఆ కాలపు అంచనా. వర్ణవివక్ష పాలనలో నల్లజాతివారి పాఠశాలలను దశాబ్దాల పాటు నిర్లక్ష్యం చేయడం ఈ స్థితికి ఒక ముఖ్య కారణము. పుస్తకాల ధరలు కూడా సామాన్యులకు అందుబాటులో ఉండేవి కావు. అయితే పుస్తకం లేని ఇంటిలో కూడా సెల్‌ఫోన్ ఉండేది. పుస్తకాన్ని పిల్లల వద్దకు చేర్చలేనప్పుడు, అప్పటికే వారి చేతిలో ఉన్న తెర మీదకు కథను చేర్చవచ్చునన్నది వోస్లూ ఆలోచన.

ఈ ఆలోచనకు రెండు అంశాలు తోడ్పడినవి. మొదటిది మిక్సిట్. ఇది స్టెల్లెన్‌బాష్ నగరంలో తయారైన సందేశాల సేవ. ఎస్.ఎం.ఎస్. ఖర్చులో అతి స్వల్ప భాగానికే దీనిలో కబుర్లు చెప్పుకొనే వీలుండడంతో అక్కడి యువతరం దీనిని విపరీతంగా వాడేది. ఖరీదైన ఫోన్ అవసరం లేదు, ఇంటర్నెట్ ఉన్న మామూలు మీటల ఫోన్ చాలును. రెండవది జపాను అనుభవము. అక్కడ 2000 ప్రాంతం నుండి "కేతాయ్ షోసెత్సు" అనే సెల్‌ఫోన్ నవలలు వెలువడుతున్నవి. యోషి అనే రచయిత "డీప్ లవ్", మికా అనే కలం పేరు గల యువతి "కోయిజోరా" ఈ విధంగానే ప్రాచుర్యం పొందినవి. 2007లో జపానులో అత్యధికంగా అమ్ముడైన పది కాల్పనిక గ్రంథాలలో ఐదు సెల్‌ఫోన్ మీద పుట్టినవే. ఆ రచయితలలో చాలామంది అంతకు ముందు ఏమీ వ్రాయని యువతులు కావడం విశేషము.

కాంటాక్స్

ఎం4లిట్ తొలి కథ పేరు "కాంటాక్స్". దీనిని శామ్ విల్సన్ ఆంగ్లంలో వ్రాయగా, ఖోసా భాషలోనికి కూడా అనువదించారు. గోడల మీద బొమ్మలు గీసే కేప్‌టౌన్ యువబృందం ఒకటి ఇందులో కథావస్తువు. 2009 సెప్టెంబరు చివర మొదలై, రోజుకు ఒక భాగం చొప్పున మూడు వారాలు సాగినది. ఒక్కొక్క భాగం సుమారు 400 పదాలు, అనగా చిన్న తెర మీద కొద్ది నిమిషాలలో చదివి ముగించదగినంత. తెలుగు వారపత్రికల ధారావాహికలు చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అక్కడ వారం ఆగవలసి వచ్చేది, ఇక్కడ ఒక్క రోజు.

ఈ ప్రయోగంలో అసలు కొత్తదనం కథ కింద ఉన్న ఖాళీ స్థలములో ఉన్నది. ప్రతి భాగం చివర పాఠకుడు తన అభిప్రాయం వ్రాయవచ్చును, ఓటు వేయవచ్చును. వ్రాత పోటీలు కూడా ఉండేవి. గెలిచినవారికి బహుమతిగా ఫోన్ రీచార్జి ఇచ్చేవారు. పాఠశాలలో వ్యాసం వ్రాయమంటే వెనుకాడే పిల్లలు ఇక్కడ పాత్రల ప్రవర్తన గురించి వాదులాడుకొన్నారు, అభిప్రాయాలు వేల సంఖ్యలో వచ్చినవి. ఈ ఆదరణతోనే మరుసటి సంవత్సరం యోజా ఏర్పడినది. ప్రేమ, ఫుట్‌బాల్, హెచ్.ఐ.వి. వంటి విషయాలపై కథలతో పాటు కవితలు, షేక్స్‌పియర్ నాటకాలు కూడా దీనిలో చేర్చారు.

భాష సమస్య

ఫోన్‌లో చదివితే పిల్లల భాష పాడైపోతుందన్నది తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల ప్రధాన అభ్యంతరము. కాంటాక్స్ కథనం ప్రామాణిక భాషలోనే ఉన్నది. పాత్రలు ఒకరికొకరు పంపుకొనే సందేశాలలో మాత్రమే పొట్టి భాష కనిపిస్తుంది. పాఠకులు తమ అభిప్రాయాలను ఎట్లా వ్రాసినా అనుమతించారు. ఈ అభ్యంతరానికి పరిశోధనల బలం అంతగా లేదు. ఇంగ్లండులోని కొవెంట్రీ విశ్వవిద్యాలయంలో బెవర్లీ ప్లెస్టర్, క్లేర్ వుడ్ 2008-09 ప్రాంతంలో 10-12 ఏళ్ళ పిల్లలపై జరిపిన అధ్యయనాలలో, పొట్టి అక్షరాలు వాడే పిల్లల పఠన సామర్థ్యం తగ్గినట్లు తేలలేదు. పైగా కొంత మెరుగుగా కనిపించినది. శబ్దానికి, అక్షరానికి గల సంబంధం తెలియనిదే పదాన్ని కుదించడం సాధ్యం కాదు గదా.

ఇంతకంటే చిక్కైన సమస్య మాతృభాషది. ఖోసా, నెల్సన్ మండేలా మాతృభాష. అది రోమను లిపిలోనే వ్రాయబడుతుంది గనుక ఫోన్‌లో అక్షరాల ఇబ్బంది ఏమీ లేదు. అయినప్పటికీ ఆంగ్ల ప్రతికే పాఠకులు ఎక్కువగా మొగ్గు చూపారు. ఇంట్లో మాట్లాడే భాషలో కాలక్షేపానికి చదివే అలవాటును అక్కడి పాఠశాల కలిగించలేదు, ఆ లోటును ఒక్క అనువాదం పూడ్చలేకపోయినది.

తెలుగు పరిస్థితి దీనికి భిన్నము. తెలుగులో కథలు చదివేవారు ఉన్నారు గానీ 2010వ దశకం ఆరంభం వరకు చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. అందువలన యువకులు తెలుగు సందేశాలను ఆంగ్ల లిపిలో వ్రాయడానికి అలవాటుపడ్డారు. దేశంలో అమ్మే ఫోన్లు భారతీయ భాషలను చూపగలగాలని కేంద్ర ప్రభుత్వం 2016లో ఆదేశించినది. లిపి సమస్య చాలా వరకు తీరినా, అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

యునెస్కో నివేదిక

ఫోన్‌లో పఠనంపై యునెస్కో 2014లో ఒక నివేదిక ప్రచురించినది. ఇథియోపియా, ఘనా, భారత్, నైజీరియా, పాకిస్తాన్, ఉగాండా, జింబాబ్వే దేశాలలో 4,000 మందికి పైగా పాఠకుల సమాధానాలు దీనికి ఆధారము. ఫోన్‌లో చదవడం మొదలుపెట్టిన తరువాత పఠనం మీద ఇష్టం పెరిగినదని 62 శాతం మంది చెప్పారు. పాఠకులలో పురుషుల సంఖ్య చాలా ఎక్కువ, కాని చదివే సమయంలో స్త్రీలదే పైచేయి: నెలకు సగటున స్త్రీలు 207 నిమిషాలు, పురుషులు 33 నిమిషాలు. సమాధానమిచ్చినవారంతా అప్పటికే ఫోన్‌లో చదువుతున్నవారే గనుక ఈ అంకెలను జనసామాన్యానికి వర్తింపజేయరాదు.

అనంతర కాలము

ఇటువంటి కృషిని కేప్‌టౌన్‌లో 2011లో ఏర్పడిన ఫుండ్జా అక్షరాస్యతా ట్రస్టు విస్తృతంగా కొనసాగించినది. యువ పాఠకులు స్వయంగా వ్రాసిన కథలను, కవితలను సంపాదకులు సరిదిద్ది ప్రచురించడం దీని ప్రత్యేకత. ఖోసా, జులూ భాషలలో "ఫుండా" అనగా చదువుట, నేర్చుకొనుట అని రెండు అర్థాలు. తెలుగులో "చదువు" కూడా ఇటువంటిదే.

భారతదేశంలో బెంగళూరు నుండి 2014లో మొదలైన ప్రతిలిపి, ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ తెలుగులో కూడా కథలను అందించినవి. ప్రతిలిపిలో పాఠకులే రచయితలై భాగాలుగా వ్రాయడం, ప్రతి భాగం కింద అభిప్రాయాలు రావడం కాంటాక్స్ పద్ధతిని గుర్తుకు తెస్తుంది.

స్మార్ట్‌ఫోన్లు, వాట్సాప్ వచ్చిన తరువాత మిక్సిట్ వాడకం వేగంగా పడిపోయి, 2015లో ఆ సంస్థ మూతపడినది. కాంటాక్స్‌కు పాఠకులను తెచ్చిన ప్రధాన మార్గం అదే. కథలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేసియుండడం వలన వాటిని ఇతరులు తిరిగి ప్రచురించుకొనే వీలు మిగిలినది.