కరువు వేళ పశువులకు అనుబంధ మేతగా చెట్ల ఆకులు, రెమ్మలు

రాయలసీమ మెట్ట ప్రాంతాలలో వానలు కురవని ఏడాది రైతుకు రెండు నష్టాలు ఒకేసారి సంభవిస్తాయి. పైరు ఎండిపోవడంతో గింజలతో పాటు పశువులకు ఆధారమైన వేరుశనగ కట్టె, జొన్న చొప్ప కూడా దక్కవు. దేశవ్యాప్తంగా నైరుతి రుతుపవన వర్షపాతం సాధారణం కంటే 19 శాతం తగ్గిన 2002 వంటి సంవత్సరాలలో, మేత కొనలేని రైతు కాడెద్దులను, పాడి పశువులను అయినకాడికి అమ్ముకోవలసి వస్తుంది. మరుసటి ఏడు వానలు కురిసినా సేద్యానికి ఎద్దులు ఉండవు. ఇటువంటి సమయంలో పచ్చగా నిలిచే చెట్ల ఆకులు, లేత రెమ్మలు పశువులను కాపాడగలవు.

పోషక విలువలు

వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతం మాత్రమే ఉంటాయి. పప్పుజాతికి చెందిన సుబాబుల్, అవిశ, గ్లిరిసిడియా ఆకుల ఎండు పదార్థంలో ఇవి సుమారు 20 నుంచి 25 శాతం వరకు ఉంటాయి. మునగ, దిరిసెన, వేప, రావి, మర్రి ఆకులు కూడా మేతకు పనికివస్తాయి.

మేపే విధానం

ఆకు మేత అనుబంధమే తప్ప గడ్డికి పూర్తి ప్రత్యామ్నాయం కాదు. మొత్తం మేతలో మూడవ వంతుకు మించకుండా ఎండుగడ్డితో కలిపి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. గ్లిరిసిడియా వాసన పశువులకు రుచించదు కనుక ఆకును కొంతసేపు వాడనిచ్చి వేయడం మేలు.

జాగ్రత్తలు

సుబాబుల్ ఆకులోని మిమోసిన్ అనే పదార్థం వలన, అతిగా మేపితే వెంట్రుకలు రాలడం, చొంగ కారడం, థైరాయిడ్ గ్రంథి వాపు కలుగుతాయి. తుమ్మ ఆకులోని టానిన్లు మాంసకృత్తుల జీర్ణక్రియకు ఆటంకమవుతాయి. గన్నేరు ఆకు పచ్చిదైనా, ఎండినదైనా ప్రాణాంతక విషమే. ఆకలితో ఉన్న పశువు దేనినైనా తింటుంది కనుక కోసిన రెమ్మలలో అది కలవకుండా చూడాలి.

చెట్ల సంరక్షణ

కొమ్మలన్నింటినీ నరికితే చెట్టు కోలుకోదు. కొంత కొమ్మను తప్పక విడిచి, మళ్లీ చిగురించేందుకు వ్యవధి ఇవ్వాలి. రిజర్వు అడవులలో అనుమతి లేకుండా కొమ్మలు నరకడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అందువలన వానలు కురిసిన ఏడాదిలోనే పొలం గట్లపై మేత చెట్లు పెంచుకోవడం, ఆకు సమృద్ధిగా ఉన్నపుడు నీడన ఆరబెట్టి నిల్వ చేసుకోవడం శ్రేయస్కరం. కరువు వచ్చిన తరువాత నాటిన మొక్క ఆ ఏటి పశువుకు మేత కాలేదు.