ఇంటనుండు పరిచారిక

హిందీ భాషలో 'సఠియానా' అను క్రియ యొకటి కలదు. 'సాఠ్' అనగా అరువది. అరువది యేండ్లు దాటి బుద్ధి సడలినవారిని గూర్చి ఉత్తరదేశమున ఈ మాట వాడుదురు. దీనిని తెలుగు చేయవలసి వచ్చినప్పుడెల్ల నా కలము కొంతసేపు ఆగును. 'చాదస్తము' అందమా? అది ఛాందస శబ్దమునుండి పుట్టినది. పట్టుదలను, అతిభాషణమును చెప్పును గాని మరపును చెప్పదు. 'మతిమరపు' అందమా? అది ఏ వయస్సు వారికైనను చెల్లును. అయితే ఈ మాటలన్నిటికిని సమానమైన గుణ మొకటి కలదు. ఇవి వ్యాధి పేరులు కావు. ముసలితనమున ఇట్లుండుట సహజమని సరిపెట్టుకొనిన లోకపు మాటలు.

వ్యాధి పేరు జర్మనీనుండి వచ్చినది. 1901లో ఫ్రాంక్‌ఫర్టు నగరపు మానసిక చికిత్సాలయమున చేరిన 51 ఏండ్ల స్త్రీని ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ అను వైద్యుడు పరీక్షించెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆమె మెదడును శోధించి, ఆ యేడే ట్యూబింగెన్ పట్టణమున జరిగిన వైద్యుల సభలో తాను కనుగొనినదానిని వివరించెను. 1910లో క్రేపెలిన్ తన గ్రంథమున ఆ వ్యాధికి ఆల్జ్‌హైమర్ పేరు పెట్టెను. అయినను చిరకాలము అది నడివయస్సున వచ్చు అరుదైన రోగమనియే తలచిరి. వృద్ధుల మతిభ్రంశములో పెద్దభాగము ఆ రోగమేయని 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ గట్టిగా వాదించిన పిదప వైద్యలోకపు చూపు మారసాగెను.

మన దేశమున ఆ పేరు ఇంటింటికిని చేరుటకు మరికొంత కాలము పట్టినది. 1992లో కేరళమున ఆల్జ్‌హైమర్ వ్యాధిగ్రస్తుల కొరకు ఒక అఖిలభారత సంఘము వెలసెను. అంతవరకు పేరు లేనిచోట నింద యుండెను. కాశీనగరపు వృద్ధులను గూర్చి పరిశోధించిన లారెన్స్ కోహెన్ తన 1998 నాటి గ్రంథమున ఈ సంగతిని విశదముగా చూపెను. ముదుసలి మతి తప్పినచో ఇరుగుపొరుగు వారి దృష్టి మొదట ఆ కుటుంబము మీదికే పోవును: కొడుకులు చూడలేదు, కోడలు ఆదరింపలేదు. 2001లో ప్రకటితమైన పటేల్, ప్రిన్స్ పండితుల గోవా పరిశోధనయు ఇట్టిదే. అచ్చటి జనులు ఆ లక్షణములను బాగుగా ఎరుగుదురు. కాని వానిని రోగమని తలపక, బిడ్డల నిర్లక్ష్యమునకు, ప్రేమలేమికి ఫలమని తలచుచుండిరి. కనుక వ్యాధికి పేరు దొరకుటవలన తొలిమేలు కోడలికి కలిగినదని చెప్పవచ్చును.

ఆ గోవాలోనే 81 కుటుంబములతో ఒక ప్రయోగము జరిగి 2008లో దాని ఫలితములు వెలువడెను. స్థానికులకు శిక్షణ నిచ్చి ఇండ్లకు పంపిరి. వ్యాధి యెట్టిదో ఇంటివారికి చెప్పుట, స్నానము, భోజనము, కోపము మొదలగు విషయములలో రోగితో మెలగు తీరు నేర్పుట వారి ముఖ్యకార్యము. ఆ సాయమువలన పరిచర్య చేయువారి మనఃక్లేశము తగ్గెను.

కాని అప్పుడప్పుడు వచ్చి పోవువారివలన అన్నియు తీరవు. బిడ్డలు దూరదేశమున నున్నయెడల, ఉన్నవారును ఉద్యోగములకు పోవలసినయెడల, రేయింబవళ్ళు ఇంటనే యుండు మనిషి కావలయును. ఆ మనిషి చరిత్ర వేరు. పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చిన 'ఆయా' శబ్దము ఆంగ్లేయుల కాలమున దొరల బిడ్డలను పెంచు స్త్రీలకు పేరయ్యెను. దొరసానుల వెంట ఓడలెక్కి ఇంగ్లండుకు పోయి, అచ్చట విడువబడిన ఆయాల కొరకు లండనులో ఒక నిలయ ముండెను. అది 1900లో హాక్నీకి మారెను. 2022లో ఆ యింటికి స్మారకఫలకము వేసిరి. ఇప్పుడు కలకత్తాలో ఆయా యనగా ముసలివారిని చూచునది కూడ. కేరళమున ఇట్టి స్త్రీని హోమ్ నర్సు అందురు. 1926 నాటి మద్రాసు చట్టము నర్సులకు, మంత్రసానులకు పట్టిక నేర్పరచెను. హోమ్ నర్సులలో పెక్కురు అట్టి పట్టికల కెక్కినవారు కారు.

ఢిల్లీలో మా పెద్దమ్మను చూచిన స్త్రీ ఝార్ఖండునుండి వచ్చినది. ఏబదియేండ్లు హిందీలో సంసారము నడిపిన పెద్దమ్మ, కడపటి కాలమున ఆ భాషను పూర్తిగా విడిచి బాల్యపు తెలుగులోనికి పోయెను. సందె వేళ "మా అమ్మ వచ్చిందా?" అని తలుపు దగ్గర నిలుచుండెడిది. ఆ స్త్రీకి తెలుగు రాదు. అయినను ఒక మాసములో 'నీళ్ళు', 'అన్నం', 'పడుకో' అను మాటలు నేర్చెను. "వస్తుందమ్మా, అన్నం తిను" అనుటయు నేర్చెను. పెద్దమ్మ ఆమెను 'పాపా' అని పిలుచుచు ముద్ద తినెడిది. రాత్రి మూడు నాలుగు మారులు లేచి తలుపు తీయబోవును, ఆమెయు లేచును. ఆ నిద్రలేమికి జీతపు లెక్కలో పేరు లేదు.

ఈ లెక్కను 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఎత్తుకొనెను. దాని 189వ ఒప్పందము ఇంటిపని చేయువారికి వారమునకు 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండవలెనని చెప్పుచున్నది. పిలుపునకు సిద్ధముగా వేచియుండు కాలమును దేశశాసనములు నిర్ణయించినంత మేర పనిగానే లెక్కింపవలెననియు చెప్పుచున్నది. భారతదేశము దానికి అనుకూలముగా ఓటు వేసెను, ధ్రువీకరింపలేదు. తలిదండ్రుల పోషణను గూర్చిన మన 2007 నాటి చట్టము బిడ్డల బాధ్యతను చెప్పెను. పక్కన మేలుకొనియుండు మనిషిని గూర్చి చెప్పలేదు.

2023లో ప్రకటితమైన అంచనాను బట్టి మన దేశమున 60 ఏండ్లు దాటిన 88 లక్షల మందికి మతిభ్రంశ వ్యాధి కలదు. వీరిలో ఎందరి పడకల చెంత ఎవరు కూర్చుండిరో చరిత్ర యింకను వ్రాసికొనలేదు. పెద్దమ్మ పోయిన పదునొకండవ నాడు ఆ ఝార్ఖండు స్త్రీ తన యూరికి బయలుదేరినది. తన తల్లికిని ఇటీవల మనుషులు గుర్తు తప్పుచున్నారని మాతో చెప్పినది. ఆమె చెంత ఇంతకాలము ఎవరుండిరని మే మడుగలేదు, అడుగవలసి యుండెను.