శక్కర్‌నగర్ ఆల్కహాలు, మా వడ్లు

చెరకు ఆడే రోజుల్లో బోధన్‌కు వచ్చేవాళ్లకు ఊరికంటే ముందు వాసన ఎదురొచ్చేది. కాగుతున్న రసం తీపి, దాని వెనకే పులిసిన మొలాసిస్ ఘాటు. చిన్నప్పుడు రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. తీపిది చక్కెర, ఘాటుది ఆల్కహాలు అని తర్వాత తెలిసింది. ఆ తేడా ఎంత పెద్దదో తెలియడానికి మాత్రం ఈ వయసు రావాల్సి వచ్చింది.

మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ రాకముందు ఇటు వైపు మెట్ట చేలల్లో జొన్నే జొన్న, ఇళ్లల్లో జొన్న రొట్టె. నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల రైతులు బండ్లు కట్టుకుని వచ్చి గుడిసెలేసుకున్నారు. ఆ ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తాం. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీకి సొంత చెరకు తోటలుండేవి, చుట్టుపక్కల రైతులూ చెరకు వేసేవారు. దాని చుట్టూ లేచిన ఊరే శక్కర్‌నగర్.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకు కటకట వచ్చినప్పుడు ఇక్కడి మొలాసిస్‌తో పవర్ ఆల్కహాల్ తీశారు. దాన్ని పెట్రోల్లో కలిపి బండ్లు నడిపారు. 1948లో దేశమంతటికీ పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. ఇవాళ పెట్రోలు బంకులో ఇథనాల్ అని రాసి ఉంటే కొత్త సంగతిలా చూసే మా పిల్లలకు ఈ ముచ్చట చెబుతుంటాను. ఇంజన్లో ఆల్కహాలు పోయడం మా ఊరు తాతల కాలంలోనే చూసింది.

అప్పటి లెక్క చెబుతాను. టన్ను చెరకు ఆడితే సుమారు క్వింటాలు చక్కెర వచ్చేది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నలభై, నలభై ఐదు కిలోలు. దాన్ని పులియబెడితే పది లీటర్ల దాకా ఆల్కహాలు. పిప్పి బాయిలర్లోకి పోయేది, మడ్డి ఎరువుగా చేలకు తిరిగొచ్చేది. తినేది తీసుకున్నాక మిగిలినదాంతోనే ఇంధనం. జొన్న చేలల్లోకి చెరకు రావడం కూడా తిండి తగ్గించడమే కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఏడాది పొడుగునా నేలనూ నీళ్లనూ పట్టి ఉంచే పంట చెరకు. కానీ చెరకు వేసింది చక్కెర కోసం. ఆల్కహాలు కోసం ఒక్క ఎకరం కూడా అదనంగా దున్నలేదు.

2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. మూతపడ్డాక చెరకు వేసినవాడు దాన్ని ఎక్కడ ఆడించుకోవాలి? ఒక్కొక్కరే వదిలేశారు. ఆ నేల వరికి, సోయాకు, మక్కకు తిరిగింది. వానకాలం వరి, యాసంగి వరి. కాలువ కింద రైతుకు కొనేవాడు ఖాయంగా ఉన్న పంట అదొక్కటే కాబట్టి.

అక్కడే కథ మలుపు తిరిగింది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం పాడైన గింజల నుంచే కాక, మిగులని తేల్చిన ధాన్యం నుంచి కూడా ఇథనాల్ తీయొచ్చంది. పెట్రోల్లో 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025కి ముందుకు తెచ్చారు. గోదాముల్లోని బియ్యం డిస్టిలరీలకు వెళ్లడం మొదలైంది. 2023 జులైలో బియ్యం ధరలు పెరుగుతున్నాయని ఆపారు, మరుసటి ఏడాది మళ్లీ ఇవ్వొచ్చన్నారు. మధ్యలో చెరకు రసం మీద ఆంక్షలు పెట్టడంతో డిస్టిలరీలు మక్కల మీద పడ్డాయి. మక్కలు ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకుంది. కోళ్ల ఫారాల వాళ్లు దాణా ధర చూసి తల పట్టుకున్నారు. మక్క రైతుకు మాత్రం ఆ ఏడాది నాలుగు రూపాయలు ఎక్కువే మిగిలాయి. దాన్ని కాదనను. అతనికి ధర పలికిన సంవత్సరాలు ఎన్నని?

నాకు నిద్రపట్టనివ్వనిది బియ్యం లెక్క. 2024-25లో క్వింటాలు వడ్లకు మద్దతు ధర 2,300 రూపాయలు. క్వింటాలు వడ్లు ఆడిస్తే బియ్యం 67 కిలోలు. 2025లో డిస్టిలరీలకు క్వింటాలు బియ్యం 2,250 రూపాయలకే ఇచ్చారు. రైతు కల్లంలో ఆరబోసిన వడ్ల కంటే మిల్లులో ఆడి గోదాములో దాచిన బియ్యం చవక. ఆ తేడా భరించేది ప్రజల డబ్బే.

ఇంకొకటి. క్వింటాలు బియ్యం నుంచి వచ్చే ఇథనాల్ ఇంచుమించు 45 లీటర్లు. నా బండిలో పది లీటర్ల పెట్రోలు పోయిస్తే అందులో రెండు లీటర్లు ఇథనాల్. అది బియ్యంతో చేసిందైతే నాలుగున్నర కిలోలు. రేషన్ కార్డు మీద మా ఇంట్లో మనిషికి నెలకొచ్చేది ఆరు కిలోలు.

మిగులు బియ్యమే కదా, నూకలే కదా అంటారు. నూకల జావ తాగి పెరిగినవాళ్లం మేము. మనిషి పోతే ఈ భూమ్మీద నూకలు చెల్లాయంటాం గానీ బియ్యం చెల్లాయనం. పేదవాడి బతుకును నూకలతోనే కొలిచిన భాష మనది. మిగులన్నమాట గోదాము లెక్కకు సరిపోతుంది. నూకల ధర పెరిగితే జావ కాచుకునే ఇంటికి మాత్రం అది మిగులు కాదు.

ఇంధనం వద్దని కాదు నేననేది. యాసంగి కోత అయ్యాక మా చేలల్లో కొయ్యకాళ్లు తగలబెడతారు, పొగ ఊరంతా కమ్ముతుంది. అదే వరిగడ్డితో ఇథనాల్ తీసే కర్మాగారం హర్యానాలోని పానిపట్‌లో 2022లో మొదలైంది. గింజతో తీసినంత సులువు కాదు, ఖర్చెక్కువ. అయినా మిగిలినదాంతో తీయడమనే శక్కర్‌నగర్ పద్ధతికి అదే దగ్గర.

మొన్న కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్ప దగ్గర మా తమ్ముడి కొడుకు అడిగాడు: "పెద్దనాయనా, యాసంగికి మక్క వెయ్యాల్నా, వరి వెయ్యాల్నా? మక్కకు ఫ్యాక్టరీలోళ్లు మంచి ధర పెడుతున్నరంట."

"నీ పొలం, నీ అప్పు, నీ ఇష్టం బిడ్డా. ఒక్క మడి మాత్రం మన ఇంటి తిండికి ఉంచు" అన్నాను.

వాడు ఒప్పుకున్నాడు. కాలువ పక్క మడి జొన్నకు వదిలాడు.