ఖితాన్ల పలుకుకు లిపి దొరికిన కథ

ఉయ్‌ఘుర్ల దేశం నుంచి రాయబారులు వచ్చారు. వాళ్ల మాట తెలిసినవాళ్లు ఖితాన్ల కొలువులో ఒక్కరూ లేరు. చక్రవర్తి అబావోజీ తమ్ముడు దియెలా చురుకైనవాడనీ, అతణ్ని పంపమనీ మహారాణి షులూ చక్రవర్తికి సలహా ఇచ్చింది. దియెలా ఇరవై రోజులు వాళ్ల వెంట ఉండి వాళ్ల మాటా, రాతా నేర్చుకున్నాడు. ఆ తర్వాత తన జాతి భాషకు ఒక లిపి కూర్చాడు. 920ల మధ్యలో జరిగిన ఈ సంగతిని ఖితాన్ల రాజ్య చరిత్ర అయిన ‘లియావో చరిత్ర’ నమోదు చేసింది.

ఖితాన్లు నేటి ఇన్నర్ మంగోలియాలో షిరా మురెన్ నది పరిసరాల్లో గుర్రాలు, గొర్రెలు మేపుకుంటూ బతికిన సంచార జాతి. 907లో వాళ్ల తెగలకు నాయకుడైన అబావోజీ 916లో చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. 918లో గడ్డిమైదానంలో రాజధాని నగరానికి పునాది వేయించాడు. రాజ్యం పెరిగేకొద్దీ రాతకోతల అవసరమూ పెరిగింది. పక్కనే ఉన్న చైనా లిపితో సరిపెట్టుకోకుండా, 920లో సొంత లిపి చేయించాడు. దాన్నే ‘పెద్ద లిపి’ అంటారు. చూపుకు అది చైనా అక్షరాల్లాగే ఉంటుంది. అందులో చాలా గుర్తులు ఒక్కొక్కటి ఒక్కో మాటను సూచిస్తాయి.

చిక్కు అక్కడే వచ్చింది. చైనా భాషలో మాట రూపం మారదు. మంగోలియన్‌కు దగ్గరి బంధువైన ఖితాన్ భాషలో, మనం ‘ఊరు, ఊరికి, ఊళ్లోంచి’ అన్నట్టే, మాట చివర ప్రత్యయాలు చేరుతూ పోతాయి. మాటకో గుర్తు చొప్పున రాస్తే ఆ ప్రత్యయాలను పట్టుకోవడం కష్టం. ఉయ్‌ఘుర్ల రాత ధ్వనిని పట్టుకునే రాత. దియెలా వాళ్ల అక్షరాలను తెచ్చుకోలేదు, ఆ సూత్రాన్ని తీసుకున్నాడు. అతని ‘చిన్న లిపి’లో సుమారు 400 గుర్తులున్నాయి, వాటిలో ఎక్కువ భాగం ధ్వనులకే. ఒక మాటకు కావలసిన గుర్తులను రెండేసి పక్కపక్కన, వరుస కింద వరుసగా పేర్చి ఒకే గడిలో ఇమిడ్చాడు. గుర్తులు తక్కువైనా భాషంతటికీ సరిపోయాయని చరిత్రకారులు మెచ్చుకున్నారు.

1125లో జుర్చెన్ జాతివారు ఖితాన్ల లియావో రాజ్యాన్ని కూల్చారు. లిపి మాత్రం వెంటనే పోలేదు, కొత్త పాలకులూ కొంతకాలం దాన్నే వాడుకున్నారు. 1190ల మొదట్లో వాళ్ల చక్రవర్తి ఆ వాడకాన్ని ఆపించాడు. మధ్య ఆసియాకు తరలిన ఖితాన్ల రాజ్యం కూడా 1218లో మంగోలుల చేతిలో అంతరించింది. చెంఘిజ్ ఖాన్ కొలువులో పనిచేసిన ఖితాన్ పండితుడు యేలు చూత్సాయ్ ఆ లిపి నేర్చుకుని ఒక ఖితాన్ కావ్యాన్ని చైనా భాషలోకి అనువదించాడు. 1244లో ఆయన మరణించాక ఆ లిపి చదవగలిగిన మరో మనిషి పేరు చరిత్రలో కనిపించదు.

1922లో బెల్జియం మిషనరీ లూయీ కెర్విన్ ఇన్నర్ మంగోలియాలోని లియావో చక్రవర్తుల సమాధుల్లో రాతి ఫలకాలు చూసి, వాటి మీది రాతను చేత్తో నకలు చేయించాడు. అప్పుడు పాత పొరపాటొకటి బయటపడింది. షాన్‌షీ రాష్ట్రంలోని చ్యాన్‌లింగ్ సమాధి దగ్గర 1134 నాటి శాసనాన్ని పండితులు అంతవరకూ జుర్చెన్ లిపి అనుకున్నారు. అదీ ఖితాన్ చిన్న లిపేనని తేలింది. పక్కనే చైనా అనువాదం ఉండటంతో తేదీలు, పదవుల పేర్లు, ఊళ్ల పేర్లు పోల్చి గుర్తుల ధ్వనులు రాబట్టడానికి అది ఆధారమైంది. చింగ్గెల్‌తై, ల్యూ ఫెంగ్‌జూ తదితర పండితులు ఏళ్ల తరబడి శ్రమించి 1985లో ప్రచురించిన గ్రంథం ఆ పరిశోధనకు పునాది వేసింది. గుర్తులు పలకడం మొదలయ్యాక కుందేలు, పాము, అయిదు, వంద అనే మాటలు మంగోలియన్ మాటలకు దగ్గరగా వినిపించాయి.

పెద్ద లిపి ఇప్పటికీ అంతగా లొంగలేదు. ఆ లిపిలో రాసిన పుస్తకం ఒకటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉందని 2010లో పరిశోధకుడు వ్యాచెస్లావ్ జైత్సెవ్ గుర్తించాడు. దాన్ని పూర్తిగా చదవడం ఇంకా సాధ్యం కాలేదు. అర్థాన్ని గుర్తుగా మార్చిన రాత, ఆ అర్థం తెలిసినవాళ్లు పోయాక మూగబోతుంది. ధ్వనిని పట్టుకున్న రాతకు బంధు భాషలు సాక్ష్యం చెప్పగలవు. ఇన్నాళ్లూ పొరుగువాళ్లు రాసిన చరిత్రల్లోనే బతికిన ఖితాన్లు తమ రాణుల గురించి, సేనానుల గురించి తమ భాషలో చెప్పుకున్న మాటలు నేడు మనకు అందుతున్నాయంటే, అది దియెలా ఎంచుకున్న దారి వల్లే.